బొట్టు పెట్టిన తూటాలు

మా బావ పోయాడన్న కబురు నాకు శనివారం పొద్దున ఆంజనేయస్వామి గుడిలో తెలిసింది. తొమ్మిదో ప్రదక్షిణలో ఉన్నాను. మా ఆయన మెట్ల కింద నిలబడి చేత్తో రమ్మని సైగ చేశాడు. దగ్గరికి వెళ్తే "అన్న లేడు" అన్నాడు. పొద్దున చాయ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడట.

చదివేవాళ్ళు ఏమనుకుంటారో గాని, నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. పుస్తెలతాడుకు పిన్నీసుతో తగిలించిన చిన్న తాళంచెవి అక్కడే ఉంది. అది తూటాల డబ్బా తాళంచెవి. చేన్లో మక్కజొన్న కోతకు వచ్చి ఉంది. ఇంకో పదిహేను రోజుల్లో ఆడవాళ్ళు కంకులు విరవడానికి ఆ చేన్లోకి దిగాలి. వాళ్ళ ముందు ఎవరు దిగుతారు? గుడి మెట్ల మీద నిలబడి నేను ఆలోచించింది ఇదే. ఇందుకు ఆ స్వామి నన్ను క్షమించాలి.

ఆయన మా ఆయనకు సొంత అన్న. మా ఊరు ఇబ్రహీంపట్నం దాటి మంచాల పోయే దారిలో ఉంటుంది. మా ఆయన శేరిగూడలో ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. కాబట్టి పొలం మొత్తం బావ చూసుకునేవాడు. మావి రెండిళ్ళు, వాకిలి మాత్రం ఒకటే. ఆయనకు పిల్లలు లేరు. ఆయన భార్యను నేను అక్క అని పిలిచేదాన్ని. ఆమె పోయి ఎనిమిదేళ్ళయింది. అప్పటి నుంచి ఆయన అన్నం మా ఇంట్లోనే. కంచం ముందు కూర్చుని ఏం కూర అని ఏనాడూ అడగలేదు. తిన్నాక కంచం ఆయనే కడిగేవాడు. వద్దంటే వినేవాడు కాదు.

ఆయనకు రెండు గొట్టాల తుపాకి ఉండేది. మా మామగారి కాలంలో పంటకాపలా కోసం లైసెన్సు మీద వచ్చింది, తర్వాత బావ పేరు మీదికి మారింది. ఇరవై ఏళ్ళ వయసులో ఈ ఇంటికి వచ్చిన రోజు గోడకు ఆనించిన ఆ తుపాకిని చూశాను. మా పుట్టింట్లో కోడిని కోసినా నన్ను ఇంకో గదిలోకి పంపేవాళ్ళు. ఆ తుపాకి ఉన్న గదిని నేను చాలా ఏళ్ళు ఊడ్వలేదు, అక్కే ఊడ్చేది. ఎండ మండిపోతున్నా, ఆ గది ముందు నుంచి పోవాల్సి వస్తే వాకిలి చుట్టూ తిరిగి పోయేదాన్ని.

బావ ఇదంతా గమనించాడని నాకు తెలియదు. నేను వచ్చిన కొత్తలోనే ఒకరోజు అట్లా చుట్టూ తిరిగి పోతుంటే, నా వైపు చూడకుండానే అన్నాడు.

"బుగులైతే మంచిదే అమ్మా. నాకు గూడ అయితది. బుగులు లేనోని చేతికి తుపాకి ఇయ్యొద్దు."

నన్ను ఓదార్చడానికి అన్నాడనుకున్నాను. అంత పొడుగు మనిషికి, అంత పెద్ద గొంతున్న మనిషికి భయమేమిటి అనుకున్నాను.

ఆయన వేట సరదా ఉన్న మనిషి కాదు. కుందేలును గాని కౌజుపిట్టను గాని ఏనాడూ కొట్టలేదు. అడవిపందుల మీద తప్ప ఆ తుపాకి లేవలేదు. అది కూడా సర్పంచి కాగితం రాసిస్తేనే, అటవీశాఖ వాళ్ళకు ఫోను పోయాకనే. పడ్డ పందిని అక్కడే గుంట తీసి, కిరసనాయిలు పోసి పూడ్చేవాడు. మాంసం అడిగిన వాళ్ళతో కొట్లాడేవాడు. ఇంటికి వచ్చి బోరు కింద స్నానం చేశాకే గడప దాటేవాడు. బొంగులూరు వైపు వెంచర్లు పడి గుట్టలు చదునయ్యాక పందులు మా దిక్కు మళ్ళాయని ఆయన లెక్క. నిజమో కాదో నాకు తెలియదు గాని, ఒక్క పూటలో ఎకరం మక్కను పడుకోబెట్టి పోవడం మాత్రం కళ్ళారా చూశాను.

అయినా నా మనసు ఒప్పేది కాదు. ఒకసారి భయపడుతూనే అన్నాను, వరాహరూపం కూడా స్వామిదే కదా బావా, పాపం తగలదా అని. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"నీ స్వామి భూమిని పైకి లేపిండు మరదలా. గిది నా భూమిని దున్నిపెడుతున్నది. రెండు ఒక్కటెట్లయితయ్?"

అక్క లోపల నవ్వింది. నేను మాత్రం ఆ రోజు విష్ణుసహస్రనామం రెండుసార్లు చదివాను.

తూటాలు ఎంచుకోవడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. దాని గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టు కాదు. తూటాల్లో రెండు రకాలు. ఒకదాంట్లో మిరియాల్లాంటి చిన్న సీసపు గుళ్ళు నిండుగా ఉంటాయి. వాటిని ఛర్రలు అంటారు. అవి పిట్టలకు, కోతులను బెదిరించడానికి. రెండో రకంలో రేగుపండంత ఒకే గుండు ఉంటుంది. దాన్ని ఆయన ఒంటిగుండు అనేవాడు. పందికి ఒంటిగుండే కావాలి. అందులో కూడా అన్ని గుండ్లూ ఒకటి కావని ఆయన చెప్పేవాడు.

పట్నంలో తుపాకుల దుకాణాలకు పోయి రెండు మూడు రకాల ఒంటిగుండ్లు కొద్దికొద్దిగా తెచ్చేవాడు. గోనెసంచుల్లో వరిగడ్డి కుక్కి, తొట్టిలో నానబెట్టి, చేను చివర మట్టికట్టకు ఆనించి పేర్చేవాడు. వాటి ముందు పాత టైరు ముక్క, దాని వెనక కసాయి దుకాణం నుంచి తెచ్చిన తొడ ఎముక కట్టేవాడు. పంది జబ్బ మీద తోలు ఆ టైరంత మందంగా ఉంటుందట. పది అడుగుల దూరం నిలబడి ఒక్కో రకం ఒక్కటి కొట్టేవాడు. తర్వాత ఆ తడి గడ్డిలో చేతులు పెట్టి సీసం ముక్కల కోసం వెతికేవాడు.

మొదటిసారి నన్ను పిలిచింది వెతకడానికి కాదు, నా కాటా కోసం. నేను పసుపు, జీలకర్ర తూచుకునే చిన్న కాటా ఉండేది. ఒక తట్టలో కొత్త గుండు, రెండో తట్టలో గడ్డిలో దొరికిన ముక్కలు వేశాడు. ఒక రకం గుండు నాలుగైదు ముక్కలై, పగిలిన చింతగింజల్లా వచ్చింది. ఎంత వెతికినా సగం దొరకలేదు, కాటా ఒకపక్కకే వాలిపోయింది. ఇంకో రకం గుండు పుట్టగొడుగులా విచ్చుకుని వంకరపోయింది గాని ఒక్క ముక్కగానే ఉంది. దాన్ని వేస్తే కాటా ముల్లు ఇంచుమించు నిటారుగా నిలబడింది.

నేను అడగలేదు గాని ఆయనే చెప్పాడు. మక్క చేన్లో పది అడుగుల అవతల ఏమీ కనబడదు. కొట్టేది దగ్గర్నుంచే. దగ్గరి దెబ్బకు జోరు ఎక్కువ. సీసం మెత్తగా ఉంటే ఎముకకు తగలగానే పగిలిపోతుంది. పైన పుండు పడుతుంది గాని లోపలికి పోదు. పుండు పడ్డ పంది చావదు, చేన్లోనే దాక్కుంటుంది. తెల్లారి కూలికి వచ్చిన ఆడమనిషి మీద పడుతుంది. ఇదంతా చెప్పి ఆ వంకర గుండును నా అరచేతిలో పెట్టాడు. అది ఇంకా గోరువెచ్చగా ఉన్నట్టనిపించింది.

"జూడు. ఒంగింది గాని పగల్లే. గిసోంటిదే కావాలె."

ఆ కాటాను నేను మూడుసార్లు పసుపు నీళ్ళతో కడిగాను. ఆయన అది చూశాడు, మరుసటి వారం పట్నం నుంచి నాకు కొత్త కాటా తెచ్చిపెట్టాడు. పాతది ఆయనదైపోయింది.

ఎంచుకున్న ఒంటిగుండ్లను, ఛర్రలను ఒకే రేకు డబ్బాలో పెట్టేవాడు. అన్నీ ఒకే కంపెనీవి, పైకి ఒకేలా ఉండేవి. పైన ఉన్న అచ్చు అరిగిపోయేది, ఆయన కళ్ళకు మసకలు మొదలయ్యాయి. అందుకని ఒంటిగుండు తూటా అడుగున, ఇత్తడి బిళ్ళ మీద, ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టేవాడు. చుక్క ఉంటే ఒంటిగుండు, లేకుంటే ఛర్రలు. ఈ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా నేను ఎన్నడూ అనుకోలేదు.

నాలుగేళ్ళ కిందటి దసరా. మా ఇంట్లో ఆయుధపూజకు కొడవళ్ళు, గొడ్డళ్ళు, మందుకొట్టే పంపు, బోరు స్టార్టరు, మా ఆయన బస్సు తాళాలు అన్నీ పెడతాం. బావ తుపాకిని, తూటాల డబ్బాను తెచ్చి పీట మీద పెట్టి జమ్మి దగ్గరికి వెళ్ళిపోయాడు. ప్రతి ఏడూ తుపాకికి ఒక బొట్టు, డబ్బా మూతకు ఒక బొట్టు పెట్టేదాన్ని, కళ్ళు సగం మూసుకుని. ఆ ఏడు అక్క లేని లోటు ఇంకా ఇంట్లో తిరుగుతూనే ఉంది. ఒక్క మనిషి, మసక కళ్ళతో, చేన్లో పందుల ముందు నిలబడుతున్నాడు. వీటిలో ఏది ఆయన ప్రాణం కాపాడుతుందో ఏం తెలుసు, ఒక్కదానికీ స్వామి రక్ష లేకుండా ఉండొద్దనిపించింది.

ధైర్యం చేసి డబ్బా తెరిచాను. తూటాలన్నీ పళ్ళెంలో అక్షింతల మీద నిలబెట్టాను, అడుగు పైకి ఉండేట్టు. కొన్నింటికి అప్పటికే ఎర్రటి చుక్క ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేవుడి దగ్గర ఎన్నడూ చేతులు జోడించని మనిషి, ఎవరూ చూడకుండా తానే బొట్లు పెట్టుకున్నాడు అనుకున్నాను. మిగిలినవాటికి ఎందుకు పెట్టలేదో మరి, మరిచిపోయి ఉంటాడులే అనుకున్నాను. రాలిపోకుండా కుంకుమను నూనెలో తడిపి, ఒక్కటి కూడా వదలకుండా అన్నింటికీ బొట్టు పెట్టాను. హారతి ఇచ్చి మళ్ళీ డబ్బాలో సర్దాను.

నాలుగు రోజుల తర్వాత మా మక్క చేన్లో పందులు పడ్డాయి. మరునాడే కంకులు విరవడానికి ఆడవాళ్ళను మాట్లాడి ఉంచాం. బావ సర్పంచితో కాగితం రాయించుకుని, ఆడవాళ్ళు వచ్చేలోపు చేను ఖాళీ చేయించాలని తెల్లవారగానే పోయాడు. అవతలి వైపు నుంచి ఇద్దరు మనుషులు డప్పులు కొడుతూ వస్తున్నారు. నేను చాయ తీసుకుని పోయి బోరు షెడ్డు దగ్గర నిలబడ్డాను. తూటాల డబ్బా ఉన్న సంచి అక్కడే మేకుకు వేలాడుతోంది.

మక్క సాలు చివర నుంచి పంది బయటికి వచ్చింది. నల్లగా, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంది. బావకు పది అడుగులు కూడా లేదు. కొట్టాడు. అది మోకాళ్ళ మీద పడి లేచింది. రెండో గొట్టం కూడా కొట్టాడు. అది అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గిర్రున తిరిగి మళ్ళీ మక్కలోకే దూరింది. మక్క కర్రలు కొంతదూరం ఊగాయి. తర్వాత ఊగడం ఆగిపోయింది. అది పోలేదు, లోపలే ఆగింది.

బావ నెమ్మదిగా వెనక్కి నడుచుకుంటూ షెడ్డు దగ్గరికి వచ్చాడు. తుపాకి విప్పి కాలిన తూటాలు రెండూ బయటికి తీశాడు. అడుగున ఉన్న ఎర్ర చుక్కను బొటనవేలితో రుద్దాడు. వేలికి ఎర్రగా, జిడ్డుగా అంటుకుంది. వాసన చూశాడు. ఆ వేలిని చూశాడు, తర్వాత నా నుదుటి వైపు చూశాడు.

నాకు అప్పుడు అర్థమైంది. 

"దసరనాడు నేనే పెట్టిన బావా," అన్నాను. 

ఆయన డబ్బా తెరిచి ఒక్కొక్కటి తడి తువ్వాలతో తుడిచాడు. తడికి ఆయన సిరా చుక్కలు కూడా కరిగిపోయి, అన్నింటి అడుగునా ఒకే ఎర్రటి మరక మిగిలింది.

అంతలో బాట మీద ఆడవాళ్ళు వచ్చారు, సద్దిగిన్నెలు పట్టుకుని నవ్వుకుంటూ. అందరికంటే ముందు సాయమ్మ ఉంది. మా చేన్లో ఎప్పుడూ మొదటి సాలు ఆమెదే. బావ చెయ్యెత్తి ఆపడం చూసి ఆమె, "ఏంది పటేలా, ఇయ్యాల మాకు పనా, పండుగా?" అంది.

"దెబ్బ తిన్న పంది లోపటున్నది. గట్టు దిగొద్దు," అన్నాడు బావ.

నవ్వులు ఆగిపోయాయి. సాయమ్మ గిన్నె కింద పెట్టి, పక్కనున్న తన కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల ఐదోనెల గర్భంతో ఉంది. బావ ఆపకపోయి ఉంటే వాళ్ళు మామూలుగా ఆ సాల్లోకే దిగేవాళ్ళు.

డప్పుల వాళ్ళు వచ్చారు. వదిలేద్దాం, మధ్యాహ్నానికి అదే చస్తుంది అన్నారు. బావ తల అడ్డంగా ఊపాడు. ఛర్రలకు అది చావదు, మూడు రోజులు ఏ చేన్లోనో పడుకుని ఉంటుంది, ఆ మూడు రోజులూ చుట్టుపక్కల చేన్లలో ఆడవాళ్ళే ఉంటారు అన్నాడు. "పుండు పెట్టింది నేను. నేనే పోవాలె."

నా వైపు తిరిగాడు. తూటా మూతి దగ్గర గుండ్రటి అట్టముక్క ఉంటుంది. దాని అంచు లేపి చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది. ఆయన కళ్ళకు అది ఆనదు. డప్పుల వాళ్ళను అడగలేదు, నన్నే అడిగాడు.

"నీ పిన్నీసు తీయి. జర అంచు లేపి జూడు. పేలదు, ఎనక దెబ్బ పడితెనే పేలుతది."

మెడలోని పిన్నీసు తీశాను. ఆంజనేయస్వామిని తలుచుకున్నాను, ఏ మంత్రమూ పూర్తిగా నోటికి రాలేదు. మొదటిదాంట్లో ఛర్రలు. రెండోది ఛర్రలు. మూడోది, నాలుగోది కూడా. చెమటకు పిన్నీసు వేళ్ళలో జారుతోంది. ఐదోదాంట్లో బూడిదరంగులో నున్నగా ఒక్కటే కనబడింది. తర్వాత ఇంకొకటి దొరికింది. రెండూ ఆయన అరచేతిలో పెట్టాను.

"మంచిగ జూసినవా?"

"చూసిన."

ఆయన వాటిని మళ్ళీ చూడలేదు. డప్పుల వాళ్ళకు చూపించలేదు. తుపాకిలో పెట్టి మూసుకున్నాడు. కొద్దిసేపటి కింద నా వల్ల చావు దాకా పోయివచ్చిన మనిషి, మళ్ళీ నా కళ్ళనే నమ్మి లోపలికి పోయాడు. పోకుండ్రి బావా అని నేను అనాల్సింది. అనలేకపోయాను. గట్టు మీద సాయమ్మ కోడలు కనబడుతోంది.

మక్క పూతలు ఆయన తలకంటే ఎత్తు. రెండు సాళ్ళు దాటగానే కనబడకుండా పోయాడు. ఆకుల గరగర కొంతసేపు వినబడింది, తర్వాత అది కూడా లేదు. పది మందిమి అటే చూస్తూ నిలబడ్డాం. నేను కళ్ళు మూసుకుందామనుకున్నాను గాని మూసుకుంటే ఏమవుతుందోనని తెరిచే ఉంచాను. స్వామీ, నేను చూసింది ఒంటిగుండే కదా, నా భయంలో నేను ఛర్రలనే గుండు అనుకోలేదు కదా అని అదే పనిగా అడుగుతున్నాను. చూసిన రెండింటినీ మనసులో మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాను. చూసేకొద్దీ నమ్మకం పోతోంది.

ఒక్క చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఎంతసేపో తెలియదు. అప్పుడు దగ్గు వినబడింది. తుపాకి చప్పుళ్ళకు చెవులు మందగించి ఆయన ఏది చేసినా గట్టిగానే చేసేవాడు, దగ్గు కూడా. ఆ దగ్గు వెనక, మక్క పూతల పైన, ఆయన తెల్ల తువ్వాల లేచి అటూ ఇటూ ఊగింది. సాయమ్మ మట్టిలోనే కూలబడింది.

బయటికి వచ్చి షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు ఎంత వణుకుతున్నాయంటే చెంబు నోటి దాకా పోలేదు, నీళ్ళన్నీ చొక్కా మీద పడ్డాయి. నేనే చెంబు పట్టుకుని తాగించాను. పంచె అంచు చీలి ఉంది, కోర తగిలినచోట.

"ప్రాణం పోయినంత బుగులైందమ్మా," అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది. ముప్ఫై ఏళ్ళ కింద ఆయన చెప్పింది ఓదార్పు కాదని కూడా అప్పుడే తెలిసింది.

పందిని పూడ్చే ముందు ఆయన దాని జబ్బలోంచి గుండు తీశాడు. వంకరపోయింది, ఒక్క ముక్కగానే ఉంది.

ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. ముసలోనికి కండ్లు పోయినయ్, తుపాకి సర్కారుకు ఇచ్చేయమనండి అన్నారు. సర్పంచి మా వాకిట్లోకి వచ్చి అదే మాట మర్యాదగా చెప్పాడు. తుపాకి పోతే మా చేను, చుట్టూ ఉన్న చేన్లు అన్నీ పందుల పాలే. నేను తలుపు దగ్గర నుంచి బయటికి వచ్చాను, నిజం చెప్పేద్దామని. నోరు తెరిచేలోపే బావ నా వైపు తిరిగి, "మరదలా, సర్పంచి సాబుకు చాయ పెట్టు," అన్నాడు. తర్వాత సర్పంచితో, అవ్, కండ్లు మసకలే, నా తప్పే, ఆపరేషన్ చేయించుకుంటా, అప్పటిదాక తుపాకి ముట్ట అన్నాడు. అట్లాగే చేశాడు. నా బొట్ల సంగతి తన సొంత తమ్ముడికి కూడా చెప్పలేదు. మా ఆయన ఇది మొదటిసారి ఇక్కడే చదువుతాడు.

కళ్ళు బాగయ్యాక ఆయన రెండో డబ్బా కొన్నాడు. ఒంటిగుండ్లన్నీ అందులో పెట్టి, చిన్న తాళం వేసి, తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టాడు. నేను వెనక్కి జరిగాను. నేను చేసిన పనికి ఇది నాకెందుకు బావా అన్నాను.

"నీకు బుగులున్నది," అన్నాడు. "గందుకే నీ దగ్గర ఉండాలె. బొట్టు డబ్బ మూతకు పెట్టు, గంతే సాలు."

ఆ ఏడు నుంచి ఇంకొక అలవాటు చేసుకున్నాడు. ఆడవాళ్ళు చేన్లో దిగే రోజు, వాళ్ళను గట్టు మీదే ఆపి, తానొక్కడే ముందు ఈ చివర నుంచి ఆ చివరి దాకా సాల్లో నడిచేవాడు, పందులుంటే లేచిపోయేట్టు గట్టిగా దగ్గుతూ. అవతలికి చేరాక తువ్వాల ఎత్తి ఊపేవాడు. అది కనబడితేనే సాయమ్మ దిగేది. పంది ఉన్నా లేకున్నా, సర్పంచి కాగితం ఉన్నా లేకున్నా, అట్లానే నడిచేవాడు. తుపాకి అన్నిసార్లూ వెంట ఉండేది కాదు. దగ్గు మాత్రం ఉండేది.

పదకొండో రోజు అయ్యాక నేను, మా ఆయన తుపాకిని, రెండు డబ్బాలను ఇబ్రహీంపట్నం ఠాణాలో అప్పజెప్పాం. లైసెన్సు మనిషి పోతే అప్పజెప్పాలి. ఒక లేడీ కానిస్టేబుల్ రాసుకుంటూ, రెండు డబ్బాలెందుకమ్మా, ఒక్కదాంట్లో పోస్తా అంది. నా గొంతు ఎప్పుడూ పైకి లేవదు. ఆ రోజు లేచింది. కలపొద్దమ్మా, ఇవి వేరే, అవి వేరే అన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి రెండుగానే పెట్టి, రెండింటికీ చీటీలు అంటించింది. మెడలోంచి తాళంచెవి తీసి ఇచ్చాను. బస్సులో వస్తుంటే చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికే పోయింది.

మక్క ఆగదు కదా. మొన్న గురువారం ఆడవాళ్ళు వచ్చారు. సాయమ్మ ఉంది, ఆమె కోడలు ఉంది. అందరూ వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఎవరూ దిగలేదు. గిన్నెలు కూడా కింద పెట్టలేదు. చేను వైపు చూస్తూ నిలబడ్డారు, అంతే. మా ఆయన బస్సు మీద పోయాడు.

షెడ్డులో మేకుకు ఆయన తువ్వాల వేలాడుతోంది. దులిపి భుజాన వేసుకున్నాను. ఒక మక్క కర్ర విరిచి చేత పట్టుకున్నాను. సాయమ్మ "అక్కా" అని ఒక్క మాట అని ఆగిపోయింది. నేను లోపలికి దిగాను.

లోపల చీకటి కాదు గాని వెలుగు పచ్చగా, మందంగా ఉంది. ఆకులు ముఖానికి కోసుకుంటున్నాయి. రెండు సాళ్ళు దాటాక వెనక ఎవరూ కనబడలేదు. ముందు ఏదో గరగరమన్నది. నా కాళ్ళు ఆగిపోయాయి. దగ్గాను. నా దగ్గు ఏం దగ్గు, గుడిలో హారతి పొగకు దగ్గినట్టు వచ్చింది. మళ్ళీ దగ్గాను, గొంతు మండేదాకా. గరగర ఆగింది. గాలో, ఎలుకో, ఇంకేమిటో చూడలేదు. గుండె కొట్టుకునే చప్పుడులో నా అడుగులు నాకే వినబడలేదు. బుగులు లేనోని చేతికి ఇయ్యొద్దు అన్నాడు కదా, నా దగ్గర ఇంత ఉంది, ఇది చాలు బావా అనుకుంటూ నడిచాను.

అవతలి గట్టు ఎక్కాను. నేను పొట్టిదాన్ని, పూతల పైకి నా చెయ్యి అందదు. తువ్వాలను మక్క కర్రకు కట్టి రెండు చేతులా పైకెత్తాను. కర్ర వణుకుతోంది, దానితో పాటు తువ్వాల కూడా. అవతలి వాళ్ళకు అది ఊపినట్టే కనబడి ఉంటుంది. చేతులు నొప్పి పుట్టినా దించలేదు. ఆ చివర నుంచి మొదటి కంకి విరిగిన చప్పుడు నా చెవిన పడేదాకా ఎత్తే పట్టుకున్నాను.